గేటు పాసు

మా తాత శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్ వచ్చి స్టీలు కార్ఖానాలో చేరాడు. ఎనిమిది గంటల పని ఇక్కడ 1912లోనే వచ్చింది. ఉచిత వైద్యం 1915లో, జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్ 1920లో. దేశమంతటికీ చట్టాలు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే మా ఇంట్లో టాటావారి పేరెత్తితే చేతులు జోడించేవారు. మేమూ జోడించాం, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ 1920లోనే ఇక్కడ కార్మికులు పెద్ద సమ్మె చేశారని మాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. లా చదివేటప్పుడు తెలిసింది.

మొన్న మాంగో నుంచి ఒకామె వచ్చింది. భర్త ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో కాంట్రాక్టరు కింద పదకొండేళ్లు పనిచేసి జ్వరంతో పోయాడు. పీఎఫ్ నంబరు లేదు, జీతం చీటీ లేదు.

"ఇదొక్కటే ఉంది బావూ" అని గేటు పాసు చూపించింది.

బాబాసాహెబ్ 1947లో రాజ్యాంగ సభకోసం రాసిన 'రాష్ట్రాలు - మైనారిటీలు' మాకు గుర్తొచ్చింది. కీలక పరిశ్రమలు ప్రభుత్వానివే కావాలనీ, బీమా ప్రభుత్వమే నడపాలనీ, సంపాదించే ప్రతి వయోజనుడూ తన జీతానికి తగ్గ జీవిత బీమా తప్పనిసరిగా తీసుకోవాలనీ అందులో ఉంది. రేపు వచ్చే మెజారిటీ మార్చలేకుండా రాజ్యాంగంలోనే రాయమన్నారాయన. అలా జరగలేదు. జబ్బులో, ముసలితనంలో సాయం అనే మాట 41వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా మిగిలింది. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లలేమని 37 చెబుతుంది.

ప్రభుత్వం చేతిలో ఉంటే చాలదా అంటే, రాంచీలో హెచ్‌ఈసీ ప్రభుత్వానిదే. అక్కడ కార్మికులు నెలల తరబడి జీతాల్లేక ధర్నాకు కూర్చోవడం అందరం చూశాం. కాబట్టి యజమాని ఎవరన్నదొక్కటే ప్రశ్న కాదని మా అభిప్రాయం. దీఘనికాయంలో కూటదంత సుత్తంలో పురోహితుడు రాజుకు చెప్పింది కూడా ఇలాంటిదే: దొంగల్ని శిక్షించి లాభం లేదు, రైతుకు విత్తనం, వర్తకుడికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వమన్నాడు. దయతో పెట్టమనలేదు, రాజ్యం నడిచే పద్ధతిగా చెప్పాడు.

కాంట్రాక్టరు పీఎఫ్ కట్టకపోతే అసలు యజమాని కట్టాలని చట్టంలో ఉంది. ఆ సంగతి చెబితే ఆమె నమ్మలేదు.

"మా ఆయన్ని ఆళ్లు ఎప్పుడూ మావోడనలేదు బావూ" అంది.

పాసుకు నాలుగు జిరాక్సులు తీయించి దరఖాస్తు రాశాం. అసలుది మాకివ్వమంటే ఇవ్వలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి కొంగున ముడేసుకుంది.