ప్రశంసాపత్రము నెక్కని పేర్లు

ప్రతి సంవత్సరమును జూలై నెల చివరి దినములలో జిల్లా కచేరీ నుండి కళాశాలకు ఒక లేఖ వచ్చును. ఆగస్టు 15వ తేదీన పరేడు మైదానమున పతాకావిష్కరణము జరిగిన పిమ్మట ప్రశంసాపత్రములు పంచిపెట్టబడును గనుక, మీ సంస్థలో శ్లాఘనీయముగా పనిచేసిన ఉద్యోగుల పేర్లను కారణసహితముగా పంపవలసినదని దాని సారాంశము. జనవరి 26వ తేదీకి ముందును ఇట్టిదే మరియొకటి వచ్చును. గడువు రెండు మూడు దినములకు మించి యుండదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలోని కళాశాలలలో రసాయనశాస్త్రము బోధించి విశ్రాంతి గొన్న నేను ఈ లేఖను పెక్కుమారులు చూచితిని. పేర్లు నిర్ణయించు సంఘములో కొన్ని పర్యాయములు కూర్చుంటిని. ఆ యనుభవమును ఈ పత్రికా పాఠకులకు విన్నవింపవలెనని చిరకాలముగా నాకు కోరిక.

ఈ మూడు పట్టణములును 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు వరంగల్లు జిల్లా విడిపోయినపుడు జిల్లా కేంద్రములైనవి. జనగామ సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుదారిపై నున్నది. మహబూబాబాదును పెద్దలు నేటికిని మానుకోట యనియే పిలుతురు. భూపాలపల్లి బొగ్గుగనుల ఊరు. ఈ మూడవ జిల్లాకు ఒక ఉపాధ్యాయుని పేరు పెట్టబడినదని విద్యార్థులు గమనింతురు గాక. ఆచార్య కొత్తపల్లి జయశంకర్ గారు 1934వ సంవత్సరమున అక్కంపేట గ్రామమున జన్మించి, వరంగల్లులోని సి.కె.ఎం. కళాశాలకు ప్రిన్సిపాలుగను, 1991 మొదలు 1994 వరకు కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగను పనిచేసి, 2011 జూన్ 21న పరమపదించిరి. బోధకుని పేర జిల్లా వెలయుట గొప్ప మన్ననయే. అయినను ఆ మన్నన ఆయన కన్నుమూసిన యైదేండ్లకు వచ్చినది. బ్రతికియున్నవారిని గుర్తించుట యెట్లు అనునది వేరొక ప్రశ్న.

సంఘము కూర్చుండగానే మొదట వచ్చునది ఉత్తీర్ణుల లెక్క. ఏ యధ్యాపకుని తరగతిలో నూటికి ఎందరు గట్టెక్కిరో ఆ యంకె కాగితముపై కనబడును. అంకె కనబడినచోట వాదము తగ్గును. కాని మానుకోట ప్రాంతమున తండాలనుండి వచ్చు లంబాడీ పిల్లలు ఇంట నొక భాష మాటలాడి, బడిలో తెలుగు నేర్చి, కళాశాలకు వచ్చినంతనే ఆంగ్లగ్రంథము చేతబట్టవలసినవారు. తమ వంశమున మొట్టమొదట పట్టభద్రులు కాబోవువారు వారిలో ననేకులు. అట్టివారిని నలువదిమందిని చేర్చుకొని యిరువదియైదుగురను ఒడ్డుచేర్చిన యధ్యాపకుని పని, ఏరి తెచ్చుకొన్న యిరువదిమందిని ఇరువదిమందిగనే గట్టెక్కించిన వాని పనికంటె తక్కువదని నేనెన్నడు నంగీకరింపలేదు. ఈ మాట నన్నపుడెల్ల సహాధ్యాపకులు తలలూపిరి; పిమ్మట అంకెనే చూచిరి.

భూపాలపల్లిలో నున్నకాలమున గని కార్మికుల బిడ్డలు నాకు శిష్యులగుటచేత సింగరేణి వారి పద్ధతి కొంత తెలిసినది. ఆ సంస్థ 1920 డిసెంబరు 23న ఏర్పడినది. ఏటేట ఆ దినమున ఉత్సవము జరిపి ఉత్తమ కార్మికులను సత్కరింతురు. అక్కడ హాజరును మస్టరు అందురు. భూగర్భమున దిగువాడు ఏడాదికి 190 మస్టర్లు, పైన పనిచేయువాడు 240 మస్టర్లు నింపిననే సవేతనమైన సెలవునకు అర్హుడని 1952వ సంవత్సరపు గనుల చట్టము చెప్పెడిది. చీకటిలోనికి దిగుటయే ఒక లెక్కకు వచ్చిన శ్రమ యని చట్టమే యొప్పుకొన్నదన్నమాట. మా కళాశాలలలో నట్టి కొలత లేదు. ఉన్నయెడల మెట్లక్రింది గదిలో, గాలియాడని గ్రంథాలయములో, ఆవిరులు నిండిన ప్రయోగశాలలో పనిచేయువారికి వేరు లెక్క యుండెడిది.

జాతీయ పురస్కారముల చరిత్రయు కొంచెము చెప్పవలెను. ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారములు 1958లో ఆరంభమైనవి. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని జన్మదినమగు సెప్టెంబరు 5ను ఉపాధ్యాయ దినముగా 1962 నుండి జరుపుకొనుచున్నాము. 2018లో నియమములు మారి, ఉపాధ్యాయుడు తన పేరును తానే పంపుకొను వీలు కలిగినది. 2023లో కళాశాలల యధ్యాపకులకును, వృత్తివిద్య నేర్పువారికిని ఆ పురస్కారము విస్తరించి, మొత్తము 75 మందికి ఈయబడినది. తన్ను తానే ప్రతిపాదించుకొనుటలో న్యాయము లేకపోలేదు. పైయధికారి కంటబడనివానికి అది యొక ద్వారము. అయినను మన భారతకథలో కర్ణపర్వమున అన్నను దూషించి, ఆ పాపమునకు తన తలను తానే నఱకుకొనబోయిన యర్జునునితో కృష్ణుడేమనెను? నిన్ను నీవు పొగడుకొనుము, అదియే ఆత్మహత్యతో సమానమనెను. ఆ కథ వినుచు పెరిగినవానిచేత తన గొప్పలు తానే వ్రాయించుట కష్టము. నేనెరిగిన ఉత్తమ బోధకులలో నిద్దరు ఆ పత్రమును సగము నింపి సొరుగులో పెట్టిరి.

అమెరికా దేశమున సామాజిక కళాశాలలను పేరిట స్థానికుల కొరకు, ఇల్లు విడిచి దూరము పోలేనివారి కొరకు రెండేండ్ల చదువు చెప్పు సంస్థలు కలవు. వానిలో మొదటిదిగా చెప్పబడు జోలియట్ కళాశాల 1901లో ఇల్లినాయిస్ రాష్ట్రమున స్థాపింపబడినది. టెక్సస్ విశ్వవిద్యాలయమున 1978లో పుట్టిన నిసాడ్ అను సంస్థ అట్టి కళాశాలల వారికి శ్రేష్ఠతా పురస్కారము లొసగుచున్నది. వానిని బోధకులకేగాక ఇతర సిబ్బందికిని ఇత్తురు. మన దేశమున 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున ఇట్టి కళాశాల వెలసినది. మన పట్టణములలోని కళాశాలలకు ఆ పేరు లేకున్నను పని మాత్ర మదియే. ఉదయము బస్సెక్కి వచ్చి సాయంకాలము పొలమున నీరు కట్టు పిల్లలే మావారు. ఇట్టిచోట కళాశాల యనగా అధ్యాపకులు మాత్రమే కారు.

ఇపుడు నేను చెప్పదలచినవాని దగ్గరకు వచ్చితిని. మా ప్రయోగశాలలో నొక సహాయకు డుండెను. పూర్వము నిజాము పాలనలో నయినచో చప్రాసీ యనియుందురు, ఇప్పుడు అటెండరు. పదవ తరగతితో చదువు నిలిచినవాడు. ఏ బ్యూరెట్టు కారునో, ఏ త్రాసు ఏ వైపు మొగ్గునో వానికి కంఠస్థము. సీసాల మీది ఆంగ్లనామములు చదువలేక తడబడు పిల్లల కొరకు ప్రతి సీసాకును తెలుగున పేరు వ్రాసి అంటించెను; మమ్ము నడుగలేదు, మేము చెప్పలేదు. కిప్ పరికరమును ఎల్లప్పుడు గాలివాటు కిటికీ చెంతనే యుంచెడివాడు. గంధకామ్లమును పలుచన చేయు పని పిల్లలు రాకమునుపే, తెల్లవారుజామున, చన్నీళ్ల తొట్టిలో పాత్ర నుంచి, ఆమ్లమునే నీటిలోనికి బొట్టుబొట్టుగా వదలుచు చేసెడివాడు. నీటిని ఆమ్లములో పోసిన నేమగునో మేము నల్లబల్లపై వ్రాసి చూపుదుము. వాడు అది జరుగకుండ చూచును. తలుపు ప్రక్కన నొక నీళ్ల తొట్టియు, దానిపై బల్లమీద వంటసోడా కలిపిన నీటి సీసాయు ఎల్లవేళల నుండెను. ఆ నీటిని దినదినము మార్చును. దాని యక్కర నేనున్న యేండ్లలో రెండు పర్యాయములే కలిగినది. రెండవసారి ఒక బాలిక ముంజేతిపై ఆమ్లము చిందగా, మాలో నొక్కరైన కుర్చీ నుండి లేచుటకు మునుపే ఆమె చేయి నీటిలో నుండెను. మచ్చయైనను మిగులలేదు.

వాని పేరు పంపవలెనని నేను పట్టుబట్టితిని. "కారణము" అను గడిలో నేమి వ్రాయవలెనని గుమాస్తా యడిగెను. ఆలోచింపుడు, ఏమి వ్రాయుదుము? జరిగిన ఘనకార్యమునకు వాక్యము కుదురును. జరుగని ప్రమాదమునకు కుదురదు. ఆ బాలిక సంగతి యొక్కటి వ్రాసిన వాడొక దినమున వీరుడైనట్లుండును. నిజమునకు వాని గొప్పతనము నీరు మార్చిన తక్కిన వేల దినములలో నున్నది. తుదకు ప్రిన్సిపాలుగారు తామే కలము పుచ్చుకొని, "ఈయన సేవాకాలమున ప్రయోగశాలలో ఏ విద్యార్థియు శాశ్వతముగా గాయపడలేదు" అని యొక్క వాక్యము వ్రాసిరి. దానికంటె మంచి యోగ్యతాపత్రమును నేను చదువలేదు. పేరు మంజూరైనది. పరేడు మైదానమున పత్రము పుచ్చుకొని వచ్చి, "సారూ, తొట్టిల నీళ్లు ఇయ్యాల మార్వలేదు" అని వాడు లోనికి పోయెను.

రెండవ పేరు మాత్రము మంజూరు కాలేదు. ఊడ్చు పని చేయు నొక స్త్రీ. ఆమె గుత్తేదారు ద్వారా వచ్చినది గనుక జీతపు పట్టీలో లేదు. ఆమె వచ్చుటకు మునుపు బాలికలు మధ్యాహ్నమయ్యెనా ఇండ్లకు పోయి మరల వచ్చెడివారు కారు; కారణము వారెవ్వరును పైకి చెప్పలేదు. ఈమె వచ్చి బాలికల మరుగుదొడ్లను రెండు పూటల కడిగి, తాళపు చెవి తన కొంగున ముడివేసికొని, అడిగినవారికెల్ల తెరచుట మొదలిడినది. ఆ యేడు మధ్యాహ్నపు తరగతులలో బాలికల హాజరు పెరిగిన సంగతి నా పట్టీలోనే యున్నది. పిల్లలు ఆమెను "ఆయమ్మా" యని పిలుచుచుండిరి. నెలసరి నొప్పితో బాధపడు పిల్లకు వేడినీరు కాచి యిచ్చునది కూడ ఆమెయే. ఇన్ని వ్రాసి పంపితిమి. "ఈమె మీ యుద్యోగి కాదు" అని పైకచేరీ వారు కాగితమును తిప్పి పంపిరి. నియమము ప్రకారము వారి మాట సరియే. కాని ఆమె లేనిచో మా తరగతిలో సగము బల్లలు ఖాళీ యగుననునదియు అంతే సరి. 2023 ఏప్రిల్ 30న మన రాష్ట్రమున 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధము చేసిరి. వారిలో కళాశాల యధ్యాపకులు పెక్కురు, వారి కన్నీటి యానందమును నేను కన్నులార చూచితిని. గుత్తేదారు మనుషుల లెక్క ఆ పట్టీలోనిది కాదు.

కాగితము తిరిగి వచ్చిన సాయంకాలము అధ్యాపకుల గదిలో చందా వేసికొంటిమి. కళాశాల వార్షికోత్సవమున మేమే యీయవలెనని నిశ్చయించి, జనగామ చెంతనున్న పెంబర్తికి పోయితిమి. ఇత్తడి రేకును కాచి, లక్కదిమ్మపై నంటించి, చిన్న సుత్తితోను ఉలితోను లతలను హంసలను పైకి లేపు విద్య ఆ యూరిది. ఒకప్పుడు దేవాలయముల వాహనములకు తొడుగులు చేసిన చేతులు నేడు సభలలో పంచు జ్ఞాపికలను చేయుచున్నవి. ఇచ్చువాని పేరును పుచ్చుకొనువాని పేరును వానిపై చెక్కుదురు, చేసినవాని పేరుండదు. ఈ మాట అనగా ఆ పనివాడు నవ్వి, "ఏ పేరు రాయాలె, అది చెప్పుండ్రి" అనెను.

చిక్కు అక్కడ వచ్చినది. గుత్తేదారు పట్టీలో నొక పేరు, దానిలో రెండక్షరములు తప్పు. పిల్లల నోట నొక పిలుపు. ఆధారు కార్డుపై పెనిమిటి యింటిపేరుతో మరియొకటి. ఆమెనే యడిగి రమ్మని మరునాడు గుమాస్తాను పంపితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, తన తల్లి పెట్టిన పేరు చెప్పి, దానికి ముందు తండ్రి యింటిపేరు చేర్పించినది. ఆమె యనుమతి నడుగలేదు గనుక ఆ పేరు నిక్కడ వ్రాయను. ఫలకముపై మాత్రము పెంబర్తి పనివాడు పెద్ద యక్షరములలో చెక్కెను. రెండు హంసల నడుమ నది వెలిగినది.

వార్షికోత్సవమున ఆమె దానిని చీరకొంగుతో పట్టుకొని, వేలితో అక్షరములను తడవి చూచినది. చదువురానందున, ఏది యింటిపేరో ఏది తన పేరో ప్రక్కనున్న బాలిక చూపెను. దానిని ఆమె యింట గోడకు తగిలింపలేదు. మూడేండ్ల పిమ్మట కూతురికి పెండ్లి చేసినపుడు బిందెలు, పళ్లెములతో పాటు సారెలో పెట్టి అత్తవారింటికి పంపినదని మా గుమాస్తా చెప్పెను.