కిలిమంజారో బాటలో బరువు మోసేవారు

ఆఫ్రికా ఖండములో అన్నిటికంటె ఎత్తయిన కొండ టాంజానియా దేశములోని కిలిమంజారో. ఎత్తు 5,895 మీటర్లు.

ఇంగ్లండు మొదలైన దేశాలనుండి నర్సులు, ఉపాధ్యాయులు, దేహాన్ని మనస్సును కలిపి చూచే చికిత్సకులు ఇక్కడికి వస్తారు. “నేను కొండ ఎక్కుతాను, మీరు రోగుల కొరకు ఇవ్వండి” అని స్నేహితులను అడిగి, వచ్చిన చందాను ధర్మసంస్థలకు ఇస్తారు. 2009లో తొమ్మిదిమంది ప్రముఖులు ఇలాగే ఎక్కి, మలేరియా దోమతెరల కొరకు 30 లక్షల పౌండ్లకు పైగా సమకూర్చారు.

క్రింద అరటి, కాఫీ తోటలు. వాటిపైన వాన అడవి. ఆ పైన రాళ్లు, మంచు. ఎక్కేకొలది గాలి పలుచనై తలనొప్పి, వాంతులు వస్తాయి. ఎంత చికిత్స నేర్చినవారికైనా అక్కడ ముఖ్యమైన మందు ఇదే: మెల్లగా నడవడం, బాధ ముదిరితే దిగిపోవడం. దారి చూపేవారు స్వాహిలీలో “పోలె పోలె” అంటారు. మెల్లగా, మెల్లగా అని దాని అర్థము.

అయితే డేరాలు, వంటసామాను తలపై మోసేది ఆ ప్రాంతపు కూలీలే. మనిషికి 20 కిలోలు మించరాదని నియమమున్నది. అయినను చలికి చాలిన బట్టలు, గట్టి బూట్లు లేనివారు వారిలో ఉన్నారు. అట్టివారికి వెచ్చని దుస్తులు అరువిచ్చే సంస్థ ఒకటి 2003లో ఏర్పడింది.

దూరపు రోగి కొరకు నడిచేవాడు ప్రక్కనే నడిచే కూలివాని పాదాలు చూడకపోతే ఆ ధర్మము కుంటిదే. మన ఊరిలోనైనా మంచి పని తలపెట్టినప్పుడు, బరువు ఎవరి తలపై పడుతున్నదో ముందుగా చూద్దాము.