ఖిలా వరంగల్‌కు బండి మీద - వెనక సీటు కబుర్లు

హైదరాబాదు నుంచి వరంగల్లు సుమారు 145 కిలోమీటర్లు. రైళ్ళున్నాయి, బస్సులున్నాయి. అయినా సెలవు రోజున దంపతులిద్దరూ బండి మీద బయలుదేరితే ఆ సరదాయే వేరు. ఉప్పల్ దాటాక ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట... ఒక్కో ఊరూ మనల్ని పలకరించి పంపుతున్నట్టే ఉంటుంది.

అయితే ఈ సరదా ముందు కూర్చున్నవారికి ఉన్నంతగా వెనక కూర్చున్న మనకు ఉంటుందా? ఆలేరు వచ్చేసరికి నడుము పట్టేస్తుంది. జనగామలో కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. తీరా కోట దగ్గర దిగాక, "మీరు చూసి రండి, నేనిక్కడ చెట్టు కింద కూర్చుంటా" అనే ఆడవాళ్ళను చాలామందిని చూశాను. అంత దూరం వచ్చి, కోట చూడకుండా చెట్టును చూసి వెళ్ళడమేమిటి చెప్పండి!

నడిచి చూడాల్సిన కోట

ఖిలా వరంగల్ ఒకచోట కూర్చుని చూసేది కాదు. బయట మట్టికోట, లోపల కందకం, ఆ లోపల రాతికోట. ఒక్క రాతికోట అడ్డకొలతే సుమారు 1.2 కిలోమీటర్లు. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ కోటను ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేయించింది. 1262 నుంచి 1289 వరకు ఆవిడే రాజ్యమేలింది. 1323లో ప్రతాపరుద్రుడి ఓటమితో కాకతీయుల పాలన ముగిసింది.

మధ్యలో స్వయంభూ దేవాలయం శిథిలాలు, వాటికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. 2014లో వచ్చిన తెలంగాణ రాజముద్రలో కనిపించే తోరణం ఇదే. ఆ దగ్గరలోనే పెద్ద పెద్ద కమానుల ఖుష్ మహల్, కాస్త ముందుకు వెళితే ఏకశిల గుట్ట. ఇవన్నీ తిరగాలంటే కాళ్ళలో సత్తువ, నడుములో ఓపిక మిగిలి ఉండాలి కదా.

రాణి రుద్రమ గుర్రానికి జీను కట్టినవాళ్ళు ఆవిడ కొలత చూసే కట్టి ఉంటారు. మన బండి సీటుకు మన కొలత ఎవరు చూస్తున్నారు? షోరూములో బండి మీద ఎక్కి కూర్చుని చూసేది మగవారే. మనం రంగు బాగుందంటాం, కొబ్బరికాయ కొడతాం, అంతే.

మెత్తని సీటే సుఖమా?

చాలామంది పొరబడేది ఇక్కడే. చేత్తో నొక్కితే దూదిలా దిగే సీటు ఊళ్ళో కూరగాయలకు వెళ్ళడానికి బాగుంటుంది. గంటసేపు కూర్చుంటే ఆ స్పాంజి అణిగిపోయి, కింద ఉన్న గట్టి పలక మనకు తగులుతుంది. మనం కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద పడుతుంది. ఆ బరువు నాలుగు వైపులా సర్దుకునేలా సీటు వెడల్పుగా, చదునుగా, కాస్త గట్టిగా ఉండాలి. మన పరుపు సంగతి ఆలోచించండి. మరీ మెత్తని పరుపు మీద పడుకున్న మర్నాడు నడుము ఎలా ఉంటుంది?

సీటు ముందుకు వాలి ఉంటే బ్రేకు వేసినప్పుడల్లా మనం జారి ముందువారి వీపు మీద పడతాం. మళ్ళీ వెనక్కి జరుగుతాం. ఈ పాకులాటతోనే సగం అలసట. కుర్రాళ్ళు కొనే కొన్ని బళ్ళకు వెనక సీటు చిన్న పలకంత ఉండి, పిట్టగోడ ఎక్కి కూర్చున్నట్టుంటుంది. దూరాలకు అది పనికిరాదు. పాదాలు పెట్టుకునే చోటు మరీ ఎత్తుగా ఉన్నా మోకాళ్ళు ముడుచుకుపోయి నొప్పెడతాయి.

కొత్త బండి కొనక్కర్లేదు. సీటు కవర్ల దుకాణంలో పాత స్పాంజి తీసి గట్టి స్పాంజి వేసి, పైన ఒక పలచని మెత్తటి పొర వేయమంటే వేస్తారు. ఎండలో నిలబెట్టిన బండి రెగ్జిన్ పెనంలా కాలుతుంది. జెల్ దిండ్లూ అంతే, ఎండకు వేడెక్కిపోతాయి. నీడలో నిలపండి, లేదా పైన గుడ్డ కప్పండి.

మన వరంగల్ దర్రీ

దీనికి నేను చెప్పే ఉపాయం వరంగల్లులోనే దొరుకుతుంది. కొత్తవాడలో నేసే దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం జంపఖానాలంటాం చూశారూ, అవే. చిన్న నూలు దర్రీని మడతలు వేసి సీటు కొలతకు కుట్టించుకుంటే మెత్తగా అణిగిపోదు, చెమట పీలుస్తుంది, ఉతుక్కోవచ్చు. కాకపోతే నాడాలతో కట్టకండి. వేలాడే నాడా చక్రంలో చుట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. సీటు కిందకు పట్టేలా వెడల్పాటి ఎలాస్టిక్ వేయించండి. కదలకుండా గట్టిగా ఉందో లేదో చూసుకున్నాకే ఎక్కండి.

ఎలా కూర్చోవాలి?

ఒక పక్కకు కూర్చుంటే నడుము మెలితిరిగి ఉంటుంది, బండి తూకమూ ఒకవైపుకు లాగుతుంది. దూర ప్రయాణానికి చుడీదారు వేసుకుని రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడమే మేలు. చున్నీని కొసలు వదలకుండా ముడివేసుకోండి. చీరలోనే వెళ్ళాలంటే కొంగు, కుచ్చిళ్ళు బిగించి దోపుకోండి. వెనక పట్టుకోవడానికి పిడి, పాదాలకు ఆధారం, బట్టలు పడకుండా వెనక చక్రం సగానికైనా రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. బండి అందం పోతుందని చీర గార్డు తీసేసేవాళ్ళకు ఈ మాట చెప్పండి. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి.

బయలుదేరే ముందు

ఇద్దరు ఎక్కితే వెనక టైరులో గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బళ్ళలో వెనక స్ప్రింగులను బరువును బట్టి బిగించుకునే వీలుంది. మెకానిక్‌తో ఆ పని చేయించండి. గతుకుల దెబ్బ సగం తగ్గుతుంది.

ముప్పావు గంటకోసారి దిగి అయిదు నిమిషాలు నడవాలి. భువనగిరి కొండ కనబడగానే ఒకసారి, ఆలేరులో, జనగామలో, ఘన్‌పూర్‌లో మరోసారి. "ఇంకో పది కిలోమీటర్లే" అని మొహమాటపడి ఊరుకోకండి. నొప్పి మీది, అడగాల్సిందీ మీరే. గర్భిణులు, నడుము నొప్పికి మందు వాడుతున్నవారు మాత్రం రైలెక్కండి. కోట వరంగల్ స్టేషనుకు దగ్గరే.

చలికాలంలో తెల్లవారుజామున బయలుదేరితే ఎండెక్కకముందే చేరతారు. దారికి పులిహోర, సర్వపిండి, నాలుగు సకినాలు, మజ్జిగ సీసా చాలు. సంచిని మీ ఇద్దరి మధ్యా ఇరికించకండి, ఉన్న సీటు కాస్తా అదే తినేస్తుంది.

ఇకముందు మీ ఇంట్లో బండి కొనే మాట వస్తే వెనక సీటు మీద మీరూ ఎక్కి కూర్చోండి. ఊరికే కాదు, ఆయన్ని ముందు కూర్చోబెట్టి, పది నిమిషాలు అలా తిప్పమనండి. సుఖంగా ఉంటేనే సరేననండి. ఆ తర్వాత ఖిలా వరంగల్ వెళ్ళి, నాలుగు తోరణాలూ మీ కాళ్ళతో మీరే నడిచి చూసి రండి!