ఒత్తకండి, నిమరండి

మా పుట్టింటి ఆడవాళ్ళకు చేతుల్లో బలం ఎక్కువ. రోట్లో పచ్చడి నూరినా, దుప్పట్లు పిండినా, పిల్లలకు తలంటినా ఆ సంగతి తెలిసిపోతుంది. భోగినాడు మా అక్కయ్య నూనె రాసి నలుగు పెడుతుంటే నా కేకలు వీధి చివరి ఇంటిదాకా వినిపించేవిట. "నొప్పి పుట్టకపోతే అది నలుగెలా అవుతుందే?" అనేది. అక్కయ్య నాకన్నా పన్నెండేళ్ళు పెద్దది. పెద్దవాళ్ళ మాట చద్దిమూట కదా! నలభై దాటేదాకా ఆ మాటే నమ్ముకుని బతికేశాను.

2022లో అక్కయ్యకు రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషను చేశారు. చంకలోని గ్రంథులు కొన్ని తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు. ఏడాది తిరిగేసరికి మనిషి తేరుకుంది, జుట్టు మళ్ళీ వచ్చింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాం.

2023 చివర్లో అమలాపురం వెళ్ళాను. అక్కయ్య మాటిమాటికీ పమిట లాక్కుని ఎడమచెయ్యి కప్పుకుంటోంది. ఆ చేతికి మట్టిగాజులు లేవు. బావగారు నిక్షేపంలా వీధి అరుగుమీద పేపరు చదువుకుంటూంటే ఈవిడ చెయ్యి బోసిగా ఉండటమేమిటి? పమిట లాగి చూశాను కదా, మణికట్టు నుంచి భుజందాకా ఉబ్బిపోయి ఉంది. వేలితో నొక్కితే గుంట పడుతోంది.

"సబ్బు రాసి తీసేశానే గాజులు. నాలుగు నెలలైంది" అంది, ఏదో కూర తరిగిన సంగతి చెప్పినట్టు.

"డాక్టరుకి చూపించావా?"

"మా అత్తగారికి బోదకాలు ఉండేది కదా. ఇదీ అలాంటిదేనేమోలే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నవలల్లో ఎన్ని రోగాలు కుదిర్చానో గానీ ఇంట్లో నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. నూనె వెచ్చబెట్టి, మా వంశపు బలమంతా చూపించి, అరగంటసేపు ఆ చేతిని పిసికాను. పైన వేణ్ణీళ్ళు కూడా పోశాను. అక్కయ్య పళ్ళ బిగువున ఓర్చుకుంది. నొప్పి పుడితేనే గుణమిస్తుందని ఇద్దరి నమ్మకమూనూ! తెల్లవారేసరికి చెయ్యి ఇంకా ఉబ్బింది. నా గుండె జారిపోయింది. బావగారిని కారు మాట్లాడమని, కాకినాడ తీసుకుపోయాం.

డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, పాత జబ్బు తిరగబెట్టలేదన్నారు. దీన్ని లింఫెడీమా అంటారుట. ఈ ఆపరేషను అయినవాళ్ళందరికీ రాదుగానీ, కొందరికి ఏళ్ళు గడిచాక కూడా రావచ్చుట. మమ్మల్ని ఫిజియోథెరపీ గదికి పంపించారు. అక్కడ మా అమ్మాయి ఈడు పిల్ల ఒకతె ఉంది. నేను చేసిన ఘనకార్యం విని కోప్పడలేదు. నా మణికట్టు పట్టుకుని, చర్మాన్ని సుతారంగా ఒక పక్కకు సాగదీసి వదిలింది. పసిపాప బుగ్గ తాకినట్టుంది.

"ఇంతే ఆంటీ. ఒత్తకండి, నిమరండి" అంది.

రక్తనాళాల్లాగే లింఫు నాళాలనేవి ఒళ్ళంతా ఉన్నాయిట. మన తెలుగు పుస్తకాల్లో దాన్ని శోషరసం అంటారు. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. దీనికి అలాంటి యంత్రం లేదు. నాళాలు తమంతట తాము ముడుచుకోవడం, మన కండరాల కదలిక, ఊపిరి, వీటితోనే నడిచి, కంఠం కింది ఎముకల దగ్గర రక్తంలో కలుస్తుంది. చంకలో గ్రంథులు తీసేస్తే దాని దారి తెగిపోతుంది. నీరు చేతిలోనే నిలిచిపోతుంది. చాలా నాళాలు చర్మం కిందే పల్చగా ఉంటాయి కాబట్టి గట్టిగా పిసికితే మేలు బదులు కీడే జరుగుతుంది. నూనె కూడా పనికిరాదు. చర్మం సాగాలిగానీ చెయ్యి జారకూడదు.

ఆ అమ్మాయి చెయ్యి వాచిందంటే చేతి దగ్గర మొదలుపెట్టలేదు. ముందు పొట్టనిండా ఊపిరి తియ్యమంది. తర్వాత మెడ, ఆపైన బాగున్న వైపు చంక, ఛాతీ, అప్పుడు భుజం. వేళ్ళదాకా వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. చూస్తూ నిలబడ్డ బావగారు, "అవునమ్మా, దిగువ కాలవ పూడిక తియ్యకుండా పై చేలో నీళ్ళు ఎలా లాగుతాయి?" అన్నారు. కోనసీమ రైతుకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది!

ఇల్లు చేరాక దీని పుట్టుపూర్వోత్తరాలు చదివాను. డెన్మార్కుకు చెందిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్, 1930లలో ఫ్రాన్సులో ఉన్నప్పుడు, జలుబు వదలక మెడ గ్రంథులు వాచినవాళ్ళను ఇలా నిమిరి చూశారు. 1936లో పారిస్‌లో ఈ పద్ధతిని నలుగురికీ చూపించారు. ఇప్పుడు పట్నాల్లో ఒంటికి హాయి కోసం కూడా చేయించుకుంటున్నారు. హాయి మాట నిజమే. అంతేగానీ కొవ్వు కరుగుతుందనుకుంటే పొరపాటు. వాపున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడక్కుండా చేయించుకోకూడదు. జ్వరమున్నా, చర్మం ఎర్రబడినా, నాళాల్లో రక్తం గడ్డకట్టినా, గుండెజబ్బున్నా ప్రమాదం.

రెండు వారాలు అక్కడే ఉండి ఆ నిమరడం నేర్చుకున్నాను. చెప్పొద్దూ, దుప్పట్లు పిండటం ఇంతకన్నా తేలిక. చెయ్యి దానంతటదే బలం పెట్టేస్తుంది. నాలుగో రోజు రాత్రి, అక్కయ్య కళ్ళు మూసుకుంటే నిద్రపోయిందనుకున్నాను.

"బోదకాలు అనుకోలేదే" అంది నెమ్మదిగా. "మళ్ళీ వచ్చిందనుకున్నాను. చెబితే మీ బావ ఉన్న ఎకరం కూడా అమ్మేస్తారు. అందుకే కప్పుకు తిరిగాను."

నా చెయ్యి ఆగిపోయింది. నాలుగు నెలలు! రోజూ ఫోనులో కూరల గురించీ కోడళ్ళ గురించీ మాట్లాడుకున్నాం.

"ఆపకే, హాయిగా ఉంది" అంది. కాసేపటికి నిజంగానే నిద్రపోయింది.

ఈ జబ్బు పూర్తిగా పోయేది కాదు, అదుపులో ఉంచుకునేది. నిమరడం ఒక్కటే చాలదు. మొదట్లో కట్లు కట్టారు. ఇప్పుడు పగలంతా బిగుతు తొడుగు వేసుకుంటుంది. చేతికి వ్యాయామం చేస్తుంది, గాయం తగలకుండా చూసుకుంటుంది. సోమవారం సోమవారం టేపుతో కొలుస్తుంది. మోచేతి కింద పదకొండు అంగుళాలున్నది పదింటికి దిగింది. పాత గాజులు మాత్రం ఎక్కవు.

మొన్న మా బంధువుల పెళ్ళికి అక్కయ్య కుడిచేతినిండా గాజులతో, ఎడమచేతికి తొడుగుతో వచ్చింది. అడిగినవాళ్ళకల్లా పమిట తీసి చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. భోజనాలయ్యాక ఒకావిడ మెల్లగా దగ్గరకొచ్చి, మమ్మల్ని పెరట్లోకి పిలిచి, తన పమిట తొలగించింది. ఆవిడ చెయ్యీ అలాగే ఉంది.

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదండీ. రోజూ రాత్రి నేనే గట్టిగా తోముకుంటున్నాను" అంది.

అక్కయ్య ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

"అయ్యో, నొప్పి పుట్టకూడదమ్మా" అంది. "రేపే డాక్టరుకి చూపిద్దాం. నేనూ వస్తాను."