వచ్చినంత మటుకు

పొయ్యి మీద బూరెలు వేగుతూంటే చుట్టూ చేరని పిల్లలు ఏ ఇంట్లోనైనా వున్నారా? నైవేద్యం కాలేదని ఎంత కసిరినా వాళ్ళు గుమ్మం దాటరు. పెద్దవాళ్ళం మనం మాత్రం తక్కువ తిన్నామా! వారపత్రికలో నవల మూడో వారంలో వుండగానే కథానాయికకు పెళ్ళి చేసేస్తాం. అవతల రచయిత ఇంకా రాస్తూనే వుంటాడు, పెళ్ళి సంగతి ఆయనకే తెలియదు. కాబట్టి కంప్యూటరులోకి బొమ్మ పూర్తిగా దిగకముందే తెరిచి చూసే ఆత్రం ఈ కాలపు జాడ్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇప్పటి పిల్లలకి ఆ ఆత్రం ఎలా వుండేదో చెప్పాలంటే లెక్క చెప్పాలి. 2007లో మేము రాజమండ్రిలో వుండేవాళ్ళం. ఇంటికి బ్రాడ్‌బ్యాండు వచ్చిన కొత్త. సెకనుకు 256 కిలోబిట్ల వేగమని ఘనంగా చెప్పుకునేవాళ్ళం. ఎనిమిది బిట్లు ఒక బైటు గనక, నికరంగా సెకనుకు వచ్చేది 32 కిలోబైట్లు. ఒక సీడీలో పట్టే 700 మెగాబైట్ల బొమ్మ దిగాలంటే ఆరుగంటల పైచిలుకు. అదీ కాగితం మీద. లైను ఊగిసలాటలు వేరు. రెండున్నర గంటల బొమ్మను మధ్యలో ఆగకుండా చూడాలంటే సుమారు మూడుంబావు గంటలో, మూడున్నరో కాదు, దగ్గర దగ్గర మూడుముప్పావు గంటలు ఓపిక పట్టి, అప్పుడు మొదలుపెట్టాలి. ఒక కుళాయి తొట్టి నింపుతూంటే రెండో కుళాయి ఖాళీ చేస్తుందని చిన్నప్పుడు లెక్కలు చేశామే, అవి జీవితంలో దేనికి పనికొస్తాయా అనుకునేదాన్ని. మావారు వాటిని క్యాలెండరు వెనకవైపు చేస్తుంటే తెలిసింది.

అయితే లెక్క కుదిరినంత మాత్రాన బొమ్మ ఆడదు. కొన్ని ఫైళ్ళు సగం వచ్చినా ఆడతాయి. కొన్ని తొంభై పాళ్ళు వచ్చినా బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటాయి. దీని రహస్యం నాకు కాలేజీ పత్రిక అచ్చువేయించేటప్పుడు బోధపడింది. పుస్తకానికి విషయసూచిక ముందుంటుంది గాని, అచ్చయ్యేది అన్నిటికన్నా ఆఖర్న. ఏ వ్యాసం ఏ పుటలో పడిందో పుటలన్నీ తేలితేగాని తెలియదు మరి. వీడియో ఫైలుకీ అలాంటి సూచిక ఒకటి వుంటుంది, ఏ క్షణపు బొమ్మ, ఏ క్షణపు మాట ఫైలులో ఎక్కడున్నాయో చెప్పేది. కెమేరా కూడా రికార్డు చేయడం ముగిశాకనే దాన్ని రాయగలదు. అందుచేత ఎంపీఫోర్ ఫైళ్ళలో 'మూవ్' అనే ఆ సూచిక తరచు చిట్టచివర వుండిపోతుంది. అది చేతికి రాకుండా ఆ ఫైలు నోరు విప్పదు. తెలిసినవాళ్ళు దాన్ని తీసి ముందుకు పెడతారు. ఆ పనికి 'ఫాస్ట్ స్టార్ట్' అని పేరు. మనవైపు బైండరు చేసే పనే. మైక్రోసాఫ్టువారు 1992లో తెచ్చిన ఏవీఐ ఫైళ్ళలోనూ సూచిక చివరే వుంటుంది గాని, అవి కాస్త మెత్తనివి. సూచిక లేకపోయినా మొదటినుంచి వరసగా చదివే ఓపిక వున్న యంత్రం దొరికితే ఆడతాయి. ముందుకీ వెనక్కీ గెంతడం మాత్రం కుదరదు.

అలాంటి ఓపిక వున్నది వీఎల్‌సీ. నారింజరంగు టోపీ గుర్తు చూసే వుంటారు, రోడ్డు మరమ్మతులు జరిగేచోట పెడతారే, అది. పారిస్‌లోని ఎకోల్ సెంట్రాల్ విద్యార్థులు తమ ఆవరణలో వీడియో ప్రసారం చేసుకోవడానికి 1996లో మొదలుపెట్టిన పని అది. 2001 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ప్రసారం కోసం పుట్టింది కనుక ముందేముందో, వెనకేముందో అడగకుండా వచ్చింది వచ్చినట్టు చూపించడం దానికి వుగ్గుపాలతో అబ్బింది.

ఇక టొరెంటు పద్ధతి ఇంకో వింత. 2001లో బ్రామ్ కోహెన్ కనిపెట్టిన ఈ పద్ధతిలో ఫైలు ముక్కలై పదిమంది దగ్గర్నుంచి వస్తుంది, అదీ వరసగా కాదు. ఎవరి దగ్గరా అట్టే లేని ముక్కను ముందు తెచ్చుకుంటుంది. అంటే చివర ముందూ, మొదలు తరువాతా, నడుమ ఖాళీలూ. చూద్దామని తెరిస్తే ఖాళీ రాగానే బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరిపోతుంది. మా తెలుగువాళ్ళకి దీన్ని చూసి ఆశ్చర్యపోయే హక్కు లేదని నేను క్లాసులో అంటూంటాను. పదకొండో శతాబ్దంలో నన్నయగారు అరణ్యపర్వం మధ్యలో ఆపేశారు. పదమూడో శతాబ్దంలో తిక్కనగారు ఆ ఖాళీ జోలికి పోకుండా విరాటపర్వంతో ఎత్తుకుని చివరిదాకా పదిహేను పర్వాలూ చెప్పేశారు. నడుమ ముక్క ఎర్రనగారి చేతిమీదుగా పధ్నాలుగో శతాబ్దంలో వచ్చింది. అంతవరకూ తెలుగు భారతం నడుమ చిల్లితోనే వుంది. చదివేవాళ్ళు ఆగారా?

ఇదంతా ఎందుకు గుర్తుంచుకున్నానంటే, ఆ ఏడే మా నాన్నగారికి గుండె ఆపరేషను. విశాఖపట్నం తీసుకెళ్ళాలి. తెల్లవారి ఐదున్నరకి కారు చెప్పాం. ముందురోజు సాయంత్రం అమెరికా నుంచి తమ్ముడు ఫోను చేసి, పాప మొదటి పుట్టినరోజు వీడియో నెట్టులో పెట్టాను, నాన్నకి చూపించక్కా, అన్నాడు. మనవరాలిని ఆయన ఫొటోల్లో తప్ప చూడలేదు. నలభై నిమిషాల వీడియో, 600 మెగాబైట్లు. ఐదుగంటల ఇరవై నిమిషాల పని. ఏడున్నరకి మొదలుపెట్టాం.

నాన్నగారు పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. మంచం మీంచే అరగంటకోసారి, "ఎంత వచ్చిందమ్మా?" అని అడిగేవారు, పార్సిలు ఏ స్టేషను దాటిందో అడిగినట్టు. తొమ్మిదీ నలభైకి లైను పోయింది. మోడెము మీద దీపం ఎర్రబడింది. మావారు తీగలు పీకి పెట్టారు, ఫోనెత్తి చూశారు, చప్పుడు లేదు. ఆయన మొహం చూసి నాన్నగారే, "వచ్చినంత మటుకు చూపించండి బాబూ. తడిసిన వుత్తరమైనా కనపడినంతవరకూ చదువుకుంటాం గదా," అన్నారు.

ఏవీఐ ఫైలు కావడం మా అదృష్టం. పదహారు నిమిషాల చిల్లర వచ్చింది. అందులో మొదటి పదీ బెలూన్లు, కుర్చీలు, ముక్కూమొహం తెలియని జనం. నాన్నగారు వాళ్ళనీ అంత శ్రద్ధగానే చూశారు. పదకొండో నిమిషంలో పట్టులంగాతో పాప వచ్చింది. తలమీది కాగితం కిరీటాన్ని లాగి పారేసింది. అమ్మ, "అచ్చం మీ పోలికే, ఆ విసురు," అంది. పాప కుర్చీ పట్టుకుని నిలబడింది. ఒక చెయ్యి వదిలింది. రెండోదీ వదలబోతూ ఎవరివైపో చూసి నవ్వింది. అక్కడ ఆగిపోయింది.

"అడుగు వేసిందంటావా?" అన్నారు నాన్నగారు.

"వెయ్యక ఏం చేస్తుంది నాన్నగారూ!"

"పడిందేమోనే," అని నవ్వి, "సరే, మిగతాది వచ్చి చూస్తాలే," అని పడుకున్నారు.

లైను రెండురోజులకి వచ్చింది. నాన్నగారు రాలేదు. ఆపరేషనయిన పదకొండో రోజున ఆసుపత్రిలోనే పోయారు. కర్మకాండ అయ్యాక మావారు మిగతా భాగం దింపి పెట్టారు. పాప రెండడుగులు వేసి కూలబడుతుంది. అమ్మ మాత్రం ఆ వీడియో పెట్టమన్నప్పుడల్లా పదహారో నిమిషం దగ్గర ఆపెయ్యమనేది. ఎందుకని మేము అడగలేదు.

ఇప్పుడు ఫైలు దింపుకునే బాధే లేదు. కొద్ది సెకన్ల ముక్కలుగా వస్తుంది, చూసినది చూసినట్టు పోతుంది, లైను నీరసిస్తే బొమ్మ కాస్త మసకబారుతుంది గాని ఆగదు. పూర్తిగా దిగకముందే చూడటం ఒకప్పటి తెగువ. ఇవాళ అందరికీ అదే మామూలు దారి. సుఖమే, కాదనను. కాకపోతే చూసినది ఇంట్లో మిగలదు. పాత ఫైళ్ళు దాచిన డిస్కును అందుకే నేను పారేయనివ్వను.

మొన్న వేసవిలో మా మేనకోడలు వచ్చింది. కాలేజీలో చదువుతోంది. తన మొదటి పుట్టినరోజు చూడాలంటే, తమ్ముడు నెట్టులో దాచుకున్న ప్రతిని ఫోనులోనే పెట్టింది. ముట్టుకోగానే మొదలైంది. కింద బూడిదరంగు గీత బొమ్మకన్నా ముందుముందుగా పరుగెత్తుతోంది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని ఆ గీతకేసి చూసి, "ఎంత వచ్చిందే?" అని అడిగింది.