ఆటలో అరటిపండు కాదు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగారు. చదువు గురించీ క్రమశిక్షణ గురించీ మిగతా అన్నలు ఎలాగూ రాస్తారు. నేను ఒక ఆట గురించి రాస్తాను. అదీ మన హాస్టల్లో ఎన్నడూ లేని ఆట.

ఉద్యోగరీత్యా నేను అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటున్నాను. ఇక్కడ ప్రతి మంగళవారం రాత్రి పూల్ లీగు ఆడతాను. పూల్ అంటే మన క్యారమ్స్‌కు దూరపు చుట్టం అనుకోండి. వేళ్లకు బదులు పొడవాటి కర్ర, కాయిన్లకు బదులు బంతులు. ఒకరివి 1 నుంచి 7 దాకా, రెండోవారివి 9 నుంచి 15 దాకా. ఎవరివి వాళ్లు పాకెట్లలో వేసుకున్నాక చివర నల్లటి 8 వెయ్యాలి. అది ముందే పడిందా, గేమ్ పోయినట్టే.

నాకు ఈ లీగులో ఆట కంటే దాని లెక్క ఎక్కువ నచ్చింది. మూడో తరగతిలో హాస్టల్‌కు వచ్చిన పిల్లల్ని మనం కబడ్డీలోకి ఎలా తీసుకునేవాళ్లమో గుర్తుందా? "వీడు ఆటలో అరటిపండు" అనేవాళ్లం. వాడు అవుటైనా అవుట్ కాదు, ఎవర్ని పట్టుకున్నా పాయింటు రాదు. క్యారమ్స్‌లో అయితే సీనియర్ అన్న ఎడమచేత్తో ఆడేవాడు. అది అన్న దయ. కాస్త చిరాకు పుట్టిందంటే కుడిచెయ్యి బయటికొచ్చేది!

టెర్రీ బెల్, ల్యారీ హబ్బర్ట్ అనే ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లు 1979లో మొదలుపెట్టిన లీగే ఇప్పటి అమెరికన్ పూల్‌ప్లేయర్స్ అసోసియేషన్. ఇందులో దయకు చోటు లేదు, పట్టిక ఉంది. ఎయిట్ బాల్‌లో ప్రతి ఆటగాడికీ 2 నుంచి 7 వరకు ఒక స్థాయి ఇస్తారు. 7వ స్థాయి వాడు 2వ స్థాయి వాడితో ఆడితే అతను 7 గేములు గెలవాలి, ఇతనికి 2 చాలు. ఇద్దరూ 5వ స్థాయి అయితే చెరి నాలుగు. దీన్నే హ్యాండీక్యాప్ అంటారు. ఈ మాటను మనం దరఖాస్తు ఫారాల్లో వేరే అర్థంలో చూశాం. నిజానికి ఇది పూర్వం ఇంగ్లండులో వస్తువులు మార్చుకునేటప్పుడు టోపీలో చెయ్యిపెట్టి ఆడిన ఒక ఆట పేరు. తర్వాత గుర్రప్పందాలకు వచ్చింది. బలమైన గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారు. మన హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సులో కూడా ఈ పద్ధతి ఉంది.

నాకు మొదటి సీజన్‌లో 3 వచ్చింది. ఒక రాత్రి 7వ స్థాయి ఆయనతో పడింది. ఆయన 6 గెలవాలి, నేను 2. చూడటానికి వచ్చిన మా ఆఫీసు తెలుగాయన ఒకరు స్కోరు షీటు చూసి, "ఇక్కడ కూడా నీకు రిజర్వేషనేనా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఇంజినీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు విన్నాను. మీలో చాలామంది ఇప్పుడు వింటూ ఉంటారు.

ఈ రెండూ ఒకటి కాదని నా అభిప్రాయం. పూల్‌లో చూసేది ఈ సీజన్‌లో చెయ్యి ఎలా ఆడుతోందన్నది. రిజర్వేషన్ చూసేది తరతరాలుగా మూసి ఉంచిన గేటును. ఒక్క విషయంలో మాత్రం పోలిక ఉంది. నా రెండు గేముల్లోనూ 8ని పాకెట్లో వెయ్యాల్సింది నేనే. సీటు దాకా రిజర్వేషన్ తెచ్చింది. ఆ తర్వాత ప్రతి సెమిస్టరులో పాస్ మార్కు నాకూ, నన్ను ఎగతాళి చేసినవాళ్లకూ ఒక్కటే. ఆ రాత్రి 6-1తో ఓడిపోయాను. ఆ 7వ స్థాయి ఆయన చెయ్యి కలిపి, రెండో గేములో 8 ఎందుకు తప్పిందో బంతులు పెట్టి మరీ చూపించాడు.

ఈ పద్ధతికి ఒక రోగం ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. అంటే బాగా ఆడగలిగీ కావాలని తప్పుగా కొట్టి స్థాయి తక్కువగా ఉంచుకోవడం. గెలవడానికి ఎన్ని ఇన్నింగ్స్ పట్టిందో స్కోరర్ రాస్తాడు. ఎక్కువ పడితే బలహీనుడని లెక్క. అందుకే వేయాలన్న ఉద్దేశం లేకుండా కొట్టిన దెబ్బను డిఫెన్సివ్ షాట్‌గా విడిగా గుర్తించాలి. పూర్తి సూత్రం మాత్రం ఆటగాళ్లకు చెప్పరు. ఇలాంటి దొంగ 3 వల్ల నష్టపోయేది 7 కాదు, నిజమైన 3. మనవైపు తప్పుడు కుల ధ్రువపత్రంతో సీటు కొట్టేసినవాడు ఎవరి నోటి దగ్గర కూడు లాక్కుంటాడో మీకు చెప్పక్కర్లేదు. దాని కోసమే 1993లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది.

ఆ రోగం మా జట్టు దాకా వచ్చింది. లీగులో ఇంకో నియమం ఉంది. ఆ రాత్రి ఆడే అయిదుగురి స్థాయిలు కలిపి 23 దాటకూడదు. అందువల్ల ఏ జట్టూ మొనగాళ్లతోనే నిండదు, కొత్తవాళ్లకు చోటు దొరుకుతుంది. (నాకు దొరికింది అలాగే.) మావి 7, 6, 4, 3, 3. సరిగ్గా 23. రెండో సీజన్‌లో నా ఆట మెరుగై 4కు దగ్గరయ్యాను. 4 అయితే మొత్తం 24, ఎవరో ఒకరు బెంచీ మీద కూర్చోవాలి. మా 6వ స్థాయి ఆటగాడు నన్ను పక్కకు పిలిచి, "నాలుగు వారాలు కాస్త నెమ్మదిగా ఆడు, ప్లేఆఫ్స్ అయిపోతాయి" అన్నాడు. నాకు ఆట నేర్పినవాళ్లలో అతనూ ఒకడు. అయినా కుదరదని చెప్పాను. ఎన్నో ఏళ్లు తక్కువవాడివని అనిపించుకున్నవాణ్ణి, ఇప్పుడు నా చేత్తో నేనే తక్కువని రాయించుకోలేను. ఇదంతా అతనికి ఇంగ్లీషులో చెప్పడం నావల్ల కాలేదు.

నాకు 4 వచ్చింది. ప్లేఆఫ్స్‌లో అతన్ని కూర్చోబెట్టి 2వ స్థాయి అమ్మాయిని ఆడించారు. మొదటి రౌండులోనే ఇంటికొచ్చేశాం. కొన్నాళ్లు అతను నాతో మాట్లాడలేదు, తర్వాతి సీజన్‌లో వేరే జట్టుకు వెళ్లిపోయాడు.

గత నెల అతనితోనే మ్యాచ్ పడింది. 6కూ 4కూ అయితే అతను 5 గెలవాలి, నేను 3. నా చేతిలో రెండు గేములు ఉండగా అతను అయిదోది కొట్టేశాడు. షీటు మీద ఇద్దరం సంతకాలు చేశాం.