వెలిగొండ అడిగితే రాజకీయమా?

విజయవాడ హెల్త్ యూనివర్సిటీ గుర్తుందిగా? 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. ప్రభుత్వం మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వచ్చారు. అంటే డాక్టరు సర్టిఫికెట్ చూసి ఏ పార్టీ టైములో పాసయ్యాడో చెప్పేయొచ్చు!

ఇంత జరిగాక కూడా స్టూడెంట్ నోరు తెరిస్తే “ఇక్కడ రాజకీయాలొద్దు” అంటారు.

మాది ఉదయగిరి మెట్ట. ఆత్మకూరు బస్సెక్కితే దారంతా నీళ్ల ముచ్చటే. అటేమో సోమశిల, ఇటేమో ఎండిన బోర్లు, ఫ్లోరైడు. డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు వచ్చినప్పుడు, వెలిగొండ నీళ్ల కోసం మా పల్లెలు ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాయో సర్వే చేస్తానని రాసిచ్చా.

“ఇది రాజకీయం నాయనా. మన కాలేజీ న్యూట్రల్. మొబైల్ వాడకం మీద చేసుకో” అన్నారు సారు.

చేశాను. మార్కులు బాగానే పడ్డాయి. అదే కాలేజీ సెమినార్ హాల్లో మాత్రం క్లాసులు ఆపి మరీ ఓ నాయకుడి బర్త్‌డే కేకు కోశారు. అది రాజకీయం కాదంట.

నిజానికి వెలిగొండలో ఒక పార్టీని తిట్టడానికే వీల్లేదు. 1996లో చంద్రబాబు శంకుస్థాపన. వైఎస్ వచ్చాక జలయజ్ఞంలో పనులు. 2024 మార్చిలో జగన్ జంట సొరంగాలు ప్రారంభించారు. మా చేలకు మాత్రం నీళ్లు రాలేదు. ఇందులో పక్షపాతం ఏముంది?

న్యూట్రల్ అనే మాట మీద అమెరికాలో పెద్ద చర్చే ఉంది. 1967లో చికాగో యూనివర్సిటీకి కాల్వెన్ కమిటీ ఓ రిపోర్టిచ్చింది. రాజకీయ వివాదాల్లో యూనివర్సిటీ సంస్థగా ఓ పక్షం తీసుకోకూడదంది. ఎందుకంటే లోపలున్న టీచర్లు, స్టూడెంట్లు ఏ వైపైనా భయం లేకుండా మాట్లాడాలి. అంటే తగ్గాల్సింది సంస్థ, మనం కాదు. మా దగ్గర దీన్ని తిరగేసి పట్టుకున్నారు.

1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడారని విద్యార్థుల్ని బయటికి పంపేశారు. నాగపూర్ యూనివర్సిటీ వాళ్లకు సీట్లిచ్చింది. పీవీ నరసింహారావు కూడా అక్కడ చదివారు. అప్పట్లో గెంటేస్తే కనీసం ఊరంతా తెలిసేది. ఇప్పుడు టాపిక్ మారుస్తారంతే, ఇంట్లోవాళ్లకి కూడా తెలీదు.

సారు మీద నాకు కోపం లేదు. ఆయన కాంట్రాక్టు లెక్చరరు, ఏటా రెన్యూవల్ కావాలి, ఇద్దరు పిల్లలు. “నా సర్వే కోసం నిలబడండి సార్” అని ఆ మనిషిని ఎట్టా అడిగేది?